పత్రిక పెట్టినవారికి రాయి పెట్టేటప్పుడు

(కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి స్మృతిలో, చంద్రపూర్ తెలుగువారి సభలో చేసిన ఉపన్యాస పాఠం)

పత్రిక స్థాపించిన మనిషికి స్మారకం పెట్టేటప్పుడు ఆయన పత్రిక పెట్టాడన్న సంగతినే మనం వెనక్కి నెట్టేస్తాం. దేశభక్తుడు, దాత, సాహితీపోషకుడు, సంఘసంస్కర్త అని బిరుదులు వరసగా చెక్కించి, చివర ఎక్కడో 'ఫలానా పత్రిక వ్యవస్థాపకులు' అని ఒక ముక్క చేరుస్తాం. ముందు చెక్కిన బిరుదులన్నీ ఏ పత్రికా పెట్టని పెద్దమనిషికి కూడా అతుకుతాయి. ఆ చివరి ముక్క ఒక్కటే ఆయన సొంతం, చోటు చాలనిదీ దానికే. ఇవాళ నేను వాదించదలచింది ఒక్కటే సంగతి. పత్రికా స్థాపకుడి స్మారకం అన్నిటికంటే ముందు స్థాపనను చెప్పాలి. ఏ రోజున, ఏ ఊళ్ళో, ఎవరి డబ్బుతో, ఏ చట్టానికి వెరవకుండా, ఎవరి చేతుల మీదుగా మొదటి సంచిక బయటికొచ్చిందో చెప్పాలి. చెప్పడం తేలికే. ఎందుకు చెప్పాలో, చెబితే వచ్చే చిక్కులేమిటో చూడటమే ఈ ఉపన్యాసం పని.

పంతులుగారి విషయమే తీసుకుందాం. 1867లో కృష్ణా జిల్లాలో పుట్టి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, ఉద్యోగమూ వ్యాపారమూ వెతుక్కుంటూ బొంబాయి చేరిన మనిషి ఆయన. 1893లో అక్కడే అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. 1907 డిసెంబరులో సూరత్ కాంగ్రెసు మితవాదులూ అతివాదులుగా చీలింది. ఆ సభ తర్వాతనే, దేశంలో జరుగుతున్నది తెలుగువాళ్ళకు తెలుగులో చెప్పే పత్రిక ఉండాలన్న ఆలోచన ఆయనలో గట్టిపడింది. 1908 సెప్టెంబరు 9న ఆంధ్రపత్రిక వారపత్రికగా బొంబాయిలో వెలువడింది. ఈ తేదీ పోటీ పరీక్షల పుస్తకాల్లో కూడా ఉంది, బిట్టు ప్రశ్నగా. దాన్ని పుట్టిన ఊళ్ళోకి తిరిగి తీసుకెళ్తే మరోలా కనిపిస్తుంది. ఆ ఏడాది జూన్‌లో నేరాలకు పురిగొల్పే పత్రికల అచ్చుయంత్రాలను జప్తు చేసే అధికారం మేజిస్ట్రేట్లకు ఇస్తూ ఒక చట్టం వచ్చింది. జూన్ 24న తిలక్‌ని బొంబాయిలోనే అరెస్టు చేశారు. కేసరిలో రాసిన వ్యాసాలే నేరం. జూలై 22న ఆరేళ్ళ ప్రవాస శిక్ష పడింది. మిల్లు కార్మికులు ఆరు రోజులు పని మానేసి వీధుల్లోకి వచ్చారు, కాల్పులు జరిగాయి. అదే ఏడాది బెజవాడలో 'స్వరాజ్య' పత్రిక సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహం కింద జైలుకు పోయారు. తిలక్ తీర్పు వెలువడిన ఏడు వారాలకు, ఆ తీర్పు చెప్పిన ఊళ్ళోనే, ఒక తెలుగు వ్యాపారి కొత్త పత్రిక మొదటి సంచిక తెచ్చాడు.

పంతులుగారు తిలక్ అంత ఘాటుగా రాసినవారు కాదు కదా, ఈ తేదీలు పక్కపక్కన పడటం కాకతాళీయం అనకూడదా అని అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. పత్రిక అనేది అనుకున్న మర్నాడు వచ్చేది కాదు. మరాఠీ, గుజరాతీ అచ్చు నడిచే ఊళ్ళో తెలుగు అక్షరాలు సమకూర్చుకోవాలి, ఆ గుణింతాలూ వత్తులూ అరల్లో ఎక్కడెక్కడున్నాయో చెయ్యి ఎరిగిన కంపోజిటర్లు కావాలి, కాగితం కొనాలి, చందాదారుల పేర్లు పోగేయాలి. ఈ ఏర్పాట్లు జరుగుతున్న నెలల్లోనే తిలక్ అరెస్టు, విచారణ, శిక్ష నడిచాయి. నడుస్తున్న వ్యాపారం చేతిలో ఉన్న మనిషి, ఇంకో ఏడాది ఆగుదాం, గాలివాటం చూద్దాం అనుకుంటే తప్పుపట్టేవారు లేరు. ఆయన ఆగలేదు. మెత్తగా రాసే పత్రికకు కూడా చట్టం భయం తప్పని రోజులవి. రెండేళ్ళకు, 1910లో, ప్రెస్సు చట్టం వచ్చి ధరావతు కట్టమని అడగడం మొదలైంది. పంతులుగారు తర్వాతి కాలంలో పొందిన 'దేశోద్ధారక' బిరుదు గొప్పదే, ఒప్పుకుంటాను. ఆ బిరుదు చదివిన పిల్లవాడికి 1908 సెప్టెంబరు అంటే ఏమిటో తెలియదు. 1908 సెప్టెంబరు సంగతి చదివిన పిల్లవాడికి బిరుదు ఎందుకొచ్చిందో ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.

స్థాపకుడు ఎవరు, సంపాదకుడు ఎవరు అన్న తేడా మన సాహిత్య చరిత్రలో చాలాసార్లు చెరిగిపోయింది. మచిలీపట్నంలో 1902లో కృష్ణాపత్రిక మొదలైనప్పుడు దాని వెనక కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు ఉన్నారు. ఇవాళ కృష్ణాపత్రిక అనగానే తలచుకునేది 1907 నుంచి 1945 దాకా దాన్ని నడిపిన ముట్నూరి కృష్ణారావుగారినే. అందులో అన్యాయం లేదు. ఆ సంపాదకీయాలు ఆ పత్రికకు ప్రాణం పోశాయి. కొండా వెంకటప్పయ్యగారికి దేశభక్త అన్న మాట ఇంటిపేరులా స్థిరపడింది, పత్రికా స్థాపకుడిగా మాత్రం ఆయన్ని తలచేవారు తగ్గారు. ఆంధ్రప్రభ 1938లో వచ్చింది. దాన్ని పెట్టినది రామనాథ్ గోయెంకా, మనం చెప్పుకునేది నార్ల వెంకటేశ్వరరావుగారిని. రాసినవాడు పేజీ మీద కనిపిస్తాడు కాబట్టి గుర్తుంటాడు. పెట్టినవాడి పని పేజీ మీద కనిపించదు. మొదటి సంచిక ఉత్సాహంతో ఎవరైనా తేగలరు, అభినందనల ఉత్తరాలు వస్తాయి, చందాలు నాలుగు వస్తాయి. రెండో ఏడాది చందాలు రావు, కాగితం ధర పెరుగుతుంది, ప్రెస్సు వాడికి బాకీ పడుతుంది. అప్పుడు కూడా వారం తప్పకుండా సంచిక టపాలో పడేలా చూసే మనిషి స్థాపకుడు. స్మారకం అవసరం అందరికంటే ఆయనకే ఎక్కువ. సంపాదకుడికి పాత సంచికలే స్మారకం.

తెలంగాణలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1922లో నల్లగొండలో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి పత్రిక తెచ్చారు. అదే ఏడు ఇనుగుర్తి అనే పల్లెలో ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు తెనుగు పత్రిక తెచ్చారు. రాయడం, అచ్చువేయడం, టపాకు వేయడం అన్నీ ఆ అన్నదమ్ములే చూసుకున్నారు. నిజాం రాజ్యంలో ఉర్దూ రాజభాషగా, తెలుగు బడి దొరకడమే గగనంగా ఉన్న రోజులవి. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదులో గోలకొండ పత్రిక ప్రారంభించారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వచ్చింది. ఆ సంచిక కథ అందరికీ ఇష్టం, ఎందుకంటే అందులో పౌరుషం ఉంది. నన్నడిగితే, అంతకుముందు ఎనిమిదేళ్ళు పత్రిక నిలబడి ఉండకపోతే ఆ పౌరుషానికి అచ్చయ్యే చోటే ఉండేది కాదు. కవులకు పిలుపు అందింది పత్రిక ద్వారా, పద్యాలు వచ్చిపడింది పత్రిక చిరునామాకు. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద ప్రతాపరెడ్డిగారి విగ్రహం ఉంది. కవులూ రాజులూ వాగ్గేయకారులూ ఉన్న ఆ వరసలో ఆయన కూడా ఒక మహనీయుడు. వరసలో నిలబెట్టడం గౌరవమే, అయితే వరసలో నిలిచినవాళ్ళందరూ ఒకే మాదిరి కనిపిస్తారు. తెలంగాణ ఉద్యమంలో, 2011 మార్చి 10న, ఆ గట్టు మీద విగ్రహాలు పగిలినప్పుడు ఎవరు ఏ ప్రాంతంవారు అన్న లెక్కే ముందుకొచ్చింది, ఎవరు ఏం చేశారన్నది కాదు. ఏం చేశాడో చెప్పని విగ్రహాన్ని ఎటువైపువాడు అన్న ప్రశ్నతో కొలవడం తేలిక.

ఇక డబ్బు సంగతి. స్మారకాల మీద డబ్బు ప్రస్తావన మనకు మర్యాదగా తోచదు. ఆంధ్రపత్రికను ఏళ్ళ తరబడి నిలబెట్టింది అమృతాంజనం మీద వచ్చిన ఆదాయం. తలనొప్పి మందు అమ్మి పత్రిక నడిపాడని కొందరు నవ్వుతూ చెప్పేవారు, ఇప్పటికీ చెబుతారు. ఆ నవ్వును రాయి మీదికి ఎక్కించినా నాకు అభ్యంతరం లేదు. సంగీత సభల్లో అమృతాంజనం ఉచితంగా పంచి పేరు తెచ్చిన వ్యాపారి, ఆ పేరు తెచ్చిన లాభాన్ని పత్రికలో పోశాడు. దాని ఫలితం ఆలోచించండి. ప్రభుత్వ ప్రకటనల కోసం ఎదురుచూడాల్సిన అవసరం లేదు. జమీందారు గుమ్మం ముందు నిలబడాల్సిన పని లేదు. మన తొలి పత్రికల్లో ఎన్నో చందాలు రాక మూతపడ్డాయి, కొన్ని పోషకుడి కోపంతో మూతపడ్డాయి. ఆంధ్రపత్రికకు ఆ రెండు చావులూ తప్పాయి. ప్రకటన ఇచ్చేవాడూ పత్రిక నడిపేవాడూ ఒకడే కావడంతో తప్పాయి.

దీనికి ఎదురు వాదం బలమైనదే. సొంత డబ్బుతో నడిచే పత్రిక సొంత అభిప్రాయానికి బానిస కాదా? 1924కూ 1934కూ మధ్య పంతులుగారు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు. అప్పుడు రాష్ట్ర కాంగ్రెసును గురించి ఆంధ్రపత్రికలో వచ్చిన వార్తను ఎంతవరకు నమ్మాలి? ఇవాళ ఒక పార్టీ అధ్యక్షుడు దినపత్రిక యజమాని అయితే మనం వేసే ప్రశ్నే ఇది. పంతులుగారి పేరు విని ఆ ప్రశ్నను మింగేయడం ఆయనకు గౌరవం కాదు. నా లెక్కలో అమృతాంజనం ఆయన పత్రికకు సర్కారు నుంచి స్వేచ్ఛ కొనిపెట్టింది, సొంత పార్టీ నుంచి కొనిపెట్టలేదు. పరాయి పాలనలో మొదటి స్వేచ్ఛ మొదట కావలసింది, అందుకే ఆనాటి పాఠకులు రెండోదాన్ని పెద్దగా అడగలేదు. ఈ రెండు సంగతులూ చెప్పే స్మారకం ఆయన్ని చిన్నబుచ్చదు. డబ్బు సంగతి దాచిన స్మారకమే పత్రికలన్నీ గాలి పీల్చి బతికాయన్న భ్రమను పెంచుతుంది. రేపు పత్రిక పెట్టాలనుకునే కుర్రవాడికి అంతకంటే అపకారం లేదు.

చోటు విషయం వచ్చేసరికి వాదం కొంచెం తిరకాసుగా మారుతుంది. బొంబాయిలో తెలుగువాళ్ళు అప్పటికే తరాలుగా ఉన్నారు. నగరాన్ని కట్టిన కూలీలూ తాపీపనివాళ్ళూ వాళ్ళే. కామాఠీపురా అన్న పేరు ఆ కామాఠీల నుంచే వచ్చింది. ఆంధ్రపత్రిక పాఠకుల్లో ఎక్కువమంది మాత్రం తెలుగు జిల్లాల్లో ఉన్నారు. పత్రిక బొంబాయిలో అచ్చయి రైలు టపాలో తూర్పుకు పోవాలి. వారపత్రికకు ఆ దూరం భారం కాదు. శుక్రవారం సంగతి సోమవారం చదివినా వారం సరుకు పాతబడదు. దినపత్రికకు ఆ సౌకర్యం లేదు. అందుకే దాన్ని దినపత్రికగా మార్చాలనుకున్నప్పుడు మద్రాసు వెళ్ళక తప్పలేదు. 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దినపత్రిక మొదలైంది. నాలుగు నెలలకు ప్రపంచ యుద్ధం వచ్చింది. సెప్టెంబరులో జర్మన్ ఓడ ఎండెన్ మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించింది. రోజూ వార్త కావాలన్న ఆకలి జనంలో పుట్టేనాటికి తెలుగు దినపత్రిక సిద్ధంగా ఉంది. తర్వాత భారతి మాసపత్రిక వచ్చింది, 1924 జనవరిలో. పత్రికా, భారతీ రెండూ 1991 దాకా బతికాయి. ఇంత చరిత్రకు మూడు చోట్లున్నాయి: మొదటి సంచిక వచ్చిన బొంబాయి, దినపత్రిక నడిచిన జార్జిటౌన్ తంబుచెట్టి వీధి, పంతులుగారు కాపురమున్న మైలాపూరు శ్రీబాగ్. ఇందులో ఆయన పేరు పెద్దగా నిలిచింది మూడోచోట, లజ్ చర్చి రోడ్డులోని నాగేశ్వరరావు పార్కుగా. పొద్దున నడకకు వచ్చేవాళ్ళూ, ఆడుకునే పిల్లలూ, చెట్లూ ఉన్న మంచి పార్కు అది. ఆయన ఇల్లున్న చోట ఆయన పేరు ఉండటం సబబే. పత్రిక పుట్టిన చోటూ పెరిగిన చోటూ మాత్రం ఇంటి వెనక దాగిపోయాయి.

స్థలానికి ఇంత పట్టు పడితే నష్టం లేదా అనేవారికి న్యూయార్కు ఉదాహరణ పనికొస్తుంది. 1841లో ట్రిబ్యూన్ పత్రిక పెట్టిన హొరేస్ గ్రీలీకి ఆ ఊళ్ళో రెండు విగ్రహాలున్నాయి. ఒకటి 1890లో పత్రిక కార్యాలయం గుమ్మం ముందే పెట్టారు. పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉంటాడు, చేతిలో పత్రిక. పాతికేళ్ళు దాటగానే 1916లో దాన్ని అక్కణ్ణుంచి తీసి నగరపాలక భవనం దగ్గరి పార్కుకు తరలించారు. తర్వాత ఆ కార్యాలయ భవనమే 1966లో నేలమట్టమైంది. అంటే స్థలాన్ని నమ్ముకున్న స్మారకం స్థలం పోయేసరికి అనాథ అయింది. ఇది నా వాదానికి తగిలే దెబ్బే, కాదనను. అయినా ఆ విగ్రహం చేతిలో పత్రిక ఉంది. పార్కుకు పోయినా అతడు పత్రిక మనిషే అని చూసినవాడికి తెలుస్తుంది. చోటు పోతే మాట మిగలాలి, కాబట్టి మాట ముందే చెక్కి ఉండాలి. రెండో విగ్రహం 1894 నాటిది. దానికి డబ్బిచ్చింది అచ్చుపనివాళ్ళ సంఘాలు. గ్రీలీ వాళ్ళ సంఘానికి మొదటి అధ్యక్షుడు. యజమానికి కార్మికులు చందా వేసుకుని విగ్రహం పెట్టడం అన్నది మన ఊళ్ళలో ఊహకు అందడం కష్టం. అది ఆ మనిషి గురించి ఏ బిరుదూ చెప్పలేని సంగతి చెబుతుంది. మన తెలుగు స్మారకాల మీద కంపోజిటర్ల ఊసే ఉండదు. ఒక్క వత్తు అటుఇటైతే అర్థం తారుమారయ్యే లిపిని రాత్రి దీపం వెలుగులో తలకిందులుగా చదువుతూ పేర్చినవాళ్ళు వాళ్ళు. స్థాపకుణ్ణి పొగిడేటప్పుడు వాళ్ళకు ఒక వరస ఇవ్వడానికి రాయి ఇరుకైపోదు.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది, ఈమధ్య గట్టిగానే. రాళ్ళకు ఖర్చు ఎందుకు, ఆ డబ్బుతో పాత సంచికలు స్కాన్ చేయించండి అని. నిజంగా మేలైన మాట. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను డిజిటల్ చేయడం తెలుగు పరిశోధనకు జరిగిన పెద్ద మేళ్ళలో ఒకటి. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు దశాబ్దాలపాటు దస్తాలు కట్టి దాచకపోయి ఉంటే స్కాన్ చేయడానికి ఏం మిగిలేది? రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే నేను సంచికలనే ఎంచుకుంటాను, మొహమాటం లేకుండా. అయితే స్కాన్ చేసిన సంచిక వెతికేవాడికే దొరుకుతుంది. ఆంధ్రపత్రిక అన్న పేరే వినని మనిషి దాన్ని వెతకడు. దారిన పోతూ ఏమీ వెతకని మనిషిని ఆపగలిగేది రాయే. మొదటి సంచిక తేదీ, పాత దస్తాలు ఇప్పుడు ఎక్కడున్నాయన్న సంగతి ఆ రాయి మీదే ఉంటే ఈ రెండు పనులకూ పోటీ ఉండదు.

పంతులుగారి సేవను పత్రికకు కుదించడం అన్యాయమన్న అభ్యంతరానికి కూడా జవాబు చెప్పాలి. ఆంధ్ర గ్రంథమాల ద్వారా పాత కావ్యాలను చౌకగా అందించారు. కొమర్రాజు లక్ష్మణరావుగారి తర్వాత ఆగిపోయిన విజ్ఞాన సర్వస్వానికి మళ్ళీ ఊపిరి పోశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య ఒడంబడిక కుదిరింది ఆయన ఇంట్లోనే, అందుకే దానికి శ్రీబాగ్ ఒడంబడిక అని పేరు. 1938 ఏప్రిల్ 11న కన్నుమూసే నాటికి ఆయన చెయ్యి పడని తెలుగు పని తక్కువ. ఇందులో చాలా భాగం పత్రిక అనే చెట్టుకు కాసిన కాయలే అంటాను. గ్రంథమాల పుస్తకాలు కొన్నది పత్రిక చందాదారులు. భారతికి రాసినవాళ్ళను పోగుచేసింది 1910 నుంచి ఏటా వచ్చిన ఉగాది సంచికలు. శ్రీబాగ్ ఒడంబడిక అలాంటిది కాదు, అది రాజకీయం, దానికి వేరే రాయి ఉండవచ్చు. ఒక మనిషికి ఒకటే స్మారకం ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. ప్రతి స్మారకమూ అన్నీ చెప్పబోయి ఏదీ చెప్పకపోవడమే చిక్కు.

ఇదంతా చంద్రపూర్‌లో ఎందుకు చెబుతున్నట్టు? ఈ ఊరికి స్మారకాల విషయంలో మంచి చదువు ఉంది. అంచలేశ్వర ఆలయం దగ్గర గోండు రాజు బీర్‌షా సమాధి ఉంది. కట్టించింది రాణి హిరాయి. ఎవరి కోసం, ఎవరు కట్టించారు అన్న రెండు సంగతులూ ఊరికి ఇప్పటికీ గుర్తే. 1858 అక్టోబరు 21న, బ్రిటిషువారి మీద తిరగబడ్డ గోండు నాయకుడు బాబూరావు శెడ్మాకేను ఈ ఊరి జైలులో ఉరితీశారు. ఆయన్ని తలచుకునేవారు ఆ జైలు దగ్గరికే వస్తారు. 1956 అక్టోబరు 16న, నాగపూర్ దీక్ష జరిగిన రెండో నాటికి, అంబేద్కర్ ఈ ఊరికి వచ్చి వేలమందికి బౌద్ధ దీక్ష ఇచ్చారు. అది జరిగిన చోటే దీక్షాభూమి. ఫలానా రోజున ఈ నేల మీద ఫలానా పని జరిగింది అని చెప్పే స్మారకానికి అంతకంటే మంచి నమూనా నాకు తెలియదు. ఆ పనిని తలచుకుంటేనే మనిషి తలపుకొస్తాడు.

అదే అంబేద్కర్ పత్రికా స్థాపకుడన్న సంగతి మాత్రం కూడళ్ళలోని ఆయన విగ్రహాల్లో కనిపించదు. చేతిలో రాజ్యాంగం, చూపుడువేలు ముందుకు. 1920 జనవరి 31న ఆయన మూక్‌నాయక్ మొదలుపెట్టారు. కొల్హాపూర్ శాహూ మహారాజ్ 2,500 రూపాయలు ఇచ్చారు. డబ్బిస్తాం, ప్రకటన వేయండి అన్నా కేసరి వేయలేదు. తిలక్ పత్రిక మీద సర్కారు చేసిన అన్యాయాన్ని ఇందాక చెప్పుకున్నాం కాబట్టి ఇదీ చెప్పుకోవాలి, లేకపోతే పత్రికా చరిత్ర ఒంటికన్నుతో చూసినట్టవుతుంది. మూక్‌నాయక్ ఆగిపోయింది. 1927లో బహిష్కృత్ భారత్ పెట్టారు, డబ్బు చాలక అదీ ఆగింది. 1930లో జనతా వచ్చింది. 1956 ఫిబ్రవరిలో ఆ జనతాకే ప్రబుద్ధ భారత్ అని పేరు మార్చారు. ఆయన చంద్రపూర్ వచ్చిన నాటికి నడుస్తున్నది ఆ పత్రికే. అమృతాంజనం లాంటి ఆసరా లేని స్థాపకుడు ఒకటి పడిపోతే ఇంకొకటి పెట్టుకుంటూ ముప్పై ఆరేళ్ళు గడిపాడు. పంతులుగారి పట్టుదలనూ ఈ పట్టుదలనూ పక్కపక్కన పెట్టి చూస్తే డబ్బు సంగతి రాయి మీద ఎందుకుండాలో ఇంకో వివరణ అక్కర్లేదు. ఇద్దరూ పత్రికలు పెట్టారు అనడం సగం నిజం. ఒకరికి లాభం వెనక ఉంది, ఒకరికి బహిష్కారం ఎదురుగా ఉంది.

మరాఠీ పత్రికా ప్రపంచం ఈ విషయంలో మనకంటే ఒక మెట్టు పైనే ఉంది. బాళశాస్త్రి జాంభేకర్ 1832 జనవరి 6న బొంబాయిలో దర్పణ్ తెచ్చారు. ఎనిమిదేళ్ళే నడిచిన పత్రిక అది. అయినా ఆ మొదటి సంచిక తేదీనే మహారాష్ట్ర పత్రకార్ దిన్‌గా జరుపుకుంటుంది. సింధుదుర్గ్ జిల్లాలో ఆయన సొంతూరు పోంభుర్లెలో స్మారకం ఉంది, ఆయన్ని 'దర్పణ్‌కార్' అనే పిలుస్తారు. పత్రిక పేరే బిరుదు. మన దగ్గర అలా 'ఆంధ్రపత్రిక' అన్నది ఎవరి పేరుకూ ముందు చేరలేదు.

కాబట్టి పంతులుగారి స్మారకాన్ని చంద్రపూర్‌లో పెడదాం అనే ప్రతిపాదనకు నా వాదం ప్రకారం నేను అడ్డు చెప్పాలి, చెబుతున్నాను. పంతులుగారు ఈ ఊళ్ళో పత్రిక పెట్టలేదు. ఇక్కడి తెలుగువారు ఆయన్ని గౌరవించడం వేరు, ఆయన రాయికి ఇది చోటు కావడం వేరు. ఆయన రాయి ముంబయికి చెందుతుంది. తెలుగులోనూ మరాఠీలోనూ చెక్కాలి. 1908 సెప్టెంబరు 9న ఈ నగరంలో ఆంధ్రపత్రిక తొలి సంచిక వెలువడిందనీ, తిలక్‌కు శిక్షపడిన ఏడు వారాలకు వెలువడిందనీ, మందు వ్యాపారం లాభంతో నడిచిందనీ, 1914లో మద్రాసు వెళ్ళి దినపత్రిక అయిందనీ, 1991లో ఆగిందనీ ఉండాలి. పేరు అన్నిటికంటే కింద వచ్చినా ఫర్వాలేదు.

ఇక చంద్రపూర్ రాయి చంద్రపూర్ వాళ్ళకే దక్కాలి. కోట గోడల లోపల, జట్పురా గేటుకూ పఠాన్‌పురా గేటుకూ మధ్య ఎక్కడో, మొదటిసారి అచ్చుయంత్రం తెచ్చి ఈ ఊరి పత్రిక పెట్టినవారికి. ఆయన మరాఠీవాడే అవుతాడు. పక్కన బల్లార్‌పూర్‌లో మిల్లు కాగితం తయారు చేసి దేశమంతటికీ పంపుతుంటే, ఈ ఊరి పత్రికను పెట్టినవారి చోటు ఊరికి గుర్తు లేకుండా ఉండకూడదు. ఆ పేరూ తేదీ ఆధారాలతో తేల్చే పని మరాఠీ పరిశోధకులది. చందా మనది కావచ్చు. మనకెందుకు అనేవారికి ఒక పాత లెక్క చెబుతాను. 1873లో జోతిబా ఫూలే సత్యశోధక సమాజం పెట్టాక, బొంబాయిలో గుత్తేదారులుగా ఎదిగిన తెలుగువాళ్ళు ఆ సమాజానికి వెన్నుదన్నుగా నిలిచారు. జాయా కరాడీ లింగూ, రామయ్య వెంకయ్య అయ్యవారు లాంటి పేర్లు ఆ చరిత్రలో ఉన్నాయి. కృష్ణారావు భాలేకర్ 1877లో పుణెలో పెట్టిన దీనబంధు మరాఠీ పత్రికే. 1880లో నారాయణ్ మేఘాజీ లోఖండే దాన్ని బొంబాయిలో నడపడానికి తీసుకున్నప్పుడు తోడు నిలిచినవాడు అయ్యవారు. తెలుగు గుత్తేదారుకు మరాఠీ పత్రికతో పనేమిటని ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే, ఆ పత్రిక రాసేది ఏ కూలీల గురించో, ఏ రైతుల గురించో, వాళ్ళలో తన మనుషులూ ఉన్నారన్న జవాబు ఆయన దగ్గర ఉండేది. చంద్రపూర్ గనుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసే తెలుగు కుటుంబాల సంగతులు రాసేవీ ఎక్కువగా ఇక్కడి మరాఠీ పత్రికలే. కాబట్టి పంతులుగారి పేర పోగయ్యే చందాలో మొదటి భాగం ఆ మరాఠీ స్థాపకుడి రాయికి వెళ్ళాలనీ, ఆ రాయి మీద మరాఠీ కింద రెండు వరసలు తెలుగులో ఉండటానికి అనుమతి అడగాలనీ, ఆవిష్కరణ తేదీగా మన సెప్టెంబరు 9 కాకుండా ఆ పత్రిక తొలి సంచిక తేదీనే పెట్టాలనీ ఈ సభ ముందు ప్రతిపాదిస్తున్నాను.